పన్ను కట్టిన తాతే తాత

అమెరికా నుంచీ ఆస్ట్రేలియా నుంచీ ఐర్లండ్‌లో తాతల్ని వెతుక్కునే వాళ్లకు నాదొక మనవి. ముందు పన్ను గుమాస్తాకు దండం పెట్టుకోండి. మీ ముత్తాతను పట్టించుకున్న మహానుభావుడు ఆయనే.

జనాభా లెక్కలంటారా? 1821 నుంచి 1851 దాకా రాసినవి దాదాపు అన్నీ 1922 జూన్ 30న డబ్లిన్‌ కోర్టు భవనాలైన ఫోర్ కోర్ట్స్‌లోని రికార్డు ఆఫీసుతో పాటే తగలబడ్డాయి. 1861, 1871 లెక్కల్ని ప్రభుత్వమే నాశనం చేయించింది. 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధంలో కాగితానికి కరువొచ్చి గుజ్జయ్యాయి. మనుషుల లెక్క పోయింది గానీ, వాళ్లు కట్టాల్సిన లెక్క మాత్రం బతికి బట్టకట్టింది.

1823 తర్వాత రాసిన టైత్ అనే చర్చి పన్ను పుస్తకాలే చూడండి. ప్రొటెస్టంట్ చర్చికి కాథలిక్ రైతు కూడా కప్పం కట్టాలి. తను అడుగు కూడా పెట్టని చర్చికి! ఒళ్లు మండి 1830లలో చాలామంది కట్టడం మానేశారు. పాదరీలు ఊరుకుంటారా, ఎగ్గొట్టిన వాళ్ల జాబితాలు రాసి సర్కారుకు పంపారు. అలా కట్టని తాత కూడా దొరికాడు.

ఇక పన్ను వేయడానికి రిచర్డ్ గ్రిఫిత్ గారు చేసిన భూముల, ఇళ్ల మదింపు, 1847 నుంచి 1864 దాకా. మనిషికో వరుస: పేరు, ఎవరి దగ్గర కౌలు, ఎన్ని ఎకరాలు, ఎన్ని షిల్లింగులు. పిల్లల ఊసు లేదు. భార్య పేరెక్కాలంటే మామూలుగా మొగుడు పోవాలి. ఒకే పల్లెలో ఇద్దరు జాన్ మర్ఫీలుంటే ఒకడి పక్కన 'ఎర్రోడు' అనో, తండ్రి పేరో రాశారు. మన పొట్టి సుబ్బయ్య, పొడుగు సుబ్బయ్య లాగన్నమాట.

ఆ మదింపుకు తర్వాత రాసిన సవరణ పుస్తకాలు మరీ ముచ్చట. పాత పేరు మీద రంగు సిరాతో అడ్డగీత, పైన కొత్త పేరు, పక్కన ఏడాది. ఆ పాత మనిషి చచ్చాడా, ఓడెక్కాడా, దొర గెంటేశాడా? గుమాస్తాకు అనవసరం. కౌలుదారు మారాడు, అంతే.

ఆ గీతను చూసి మునిమనవడు కళ్లు తుడుచుకుంటాడు. అయిదు షిల్లింగుల గుడిసె ఉన్న ఆ పేజీ నకలుకు ఫ్రేమ్ కట్టించి హాల్లో తగిలిస్తాడు. దాని కిందే కూర్చుని ఆడిటర్‌కు ఫోన్ చేస్తాడు: "ఈ ఏడాది ఆదాయం కాస్త తగ్గించి చూపించలేమా?"