"మూడు గంటల్లో పొట్ట మాయం" ఫ్లెక్సీ గారికి

మహారాజశ్రీ విశాఖ మద్దిలపాలెం జంక్షన్ ఫ్లెక్సీ గారి దివ్య సముఖమునకు,

ఆపరేషన్ థియేటర్ వైపు మనుషులం రాసుకునేది ఏమనగా: మేం కులాసా. గాలివాన రానంత కాలం తమరూ కులాసాగానే ఉంటారు. ఎడమ పక్క బొజ్జ, కుడి పక్క అదే మనిషికి సిక్స్ ప్యాక్, మధ్యలో బాణం గుర్తు, కింద "ఉదయం రండి, సాయంత్రం స్లిమ్‌గా వెళ్లండి" అన్న హామీ. చూసి మురిశాం. ఇరవై అడుగుల వెడల్పుండి కూడా తమరికి ఒక్క ముక్కకి చోటు చాల్లేదు: లైపోసక్షన్, అంటే చర్మం కింద కొవ్వుని గొట్టంతో లాగెయ్యడం, బరువు తగ్గించే ఆపరేషన్ కాదు, ఒంటి ఆకారం దిద్దేది. ఇంచుమించు సరైన బరువులో ఉండి, ఏ తొడల దగ్గరో నడుం పక్కనో మొండి కొవ్వు మిగిలినవాళ్లకి బాగా పనిచేస్తుంది. బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి వేసే బరువు లెక్క, 30 దాటినవాళ్లని చాలామంది సర్జన్లు ముందు బరువు తగ్గి రమ్మంటారు. తమరి పిలుపులో మాత్రం ఊరంతా ఉంది.

తమరి బొమ్మలో ఎడమ పక్క పెద్దమనిషినే తీసుకుందాం. పొట్ట డప్పులా బిగిసి ఉంది. ఆ కొవ్వు చాలావరకు కండరం వెనక, పేగుల చుట్టూ ఉంటుంది. మేం వాడే సన్నటి గొట్టం, కాన్యులా అంటాం, చర్మానికీ కండరానికీ మధ్యనే తిరగాలి. కండరం దాటిందంటే పేగుకి కన్నమే. పొట్ట బిగబట్టి బొడ్డు పక్కన వేళ్లతో పట్టుకుంటే ఎంత చేతికొస్తుందో అంతే మా వాటా. వేళ్లకి అందనిది లేజర్‌కీ అందదు, వేజర్ అనే అల్ట్రాసౌండ్ యంత్రానికీ అందదు. ఆయనకి పనికొచ్చేది బీచ్ రోడ్డు. తెల్లారగట్ట బళ్లు ఆపి మరీ నడిచేవాళ్లకి వదిలేస్తున్నారు. నడక అయ్యాక ఎదురుగా ఉన్న టిఫిన్ బండి సంగతి మేం మాట్లాడం.

ఇక "పది కిలోలు తగ్గిస్తాం" అన్న తమరి మాట. తీసిన సరుకు చేరే జార్‌ని కాసేపు కదపకుండా ఉంచి చూడండి. పైన పసుపు పచ్చని కొవ్వు తేలుతుంది, అడుగున ఎర్రటి నీరు దిగుతుంది. ఆ నీరు చాలావరకు కొవ్వు లాగే ముందు మేం ఎక్కించిందే. మొత్తం ఐదు లీటర్లు దాటితే దాన్ని పెద్ద లైపోసక్షన్‌గా లెక్కేసి రాత్రంతా ఆస్పత్రిలో ఉంచి చూడాలి. ఆ ఐదులో కొవ్వు మూడు లీటర్లుందనుకోండి. కొవ్వు నీటికన్నా తేలిక కాబట్టి కాటా మీద మూడు కిలోలు కూడా తూగదు. పైగా మర్నాడు కాటా ఎక్కితే, ఒంట్లో మిగిలిన నీటి వల్ల బరువు పెరిగి కనబడుతుంది. షుగర్ తగ్గుతుందని తమరి తమ్ముడు ఒకాయన గాజువాక వైపు వేలాడుతున్నాడట. 2004లో అమెరికాలో 15 మంది ఊబకాయులైన ఆడవాళ్లకి సుమారు పదేసి కిలోల కొవ్వు తీసి, మూడు నెలల లోపు పరీక్షిస్తే, ఇన్సులిన్ పనితీరు ఉన్నచోటే ఉంది.

రెండు కాన్పుల తర్వాత పొట్ట జారినవాళ్లని కూడా తమరు పిలుస్తున్నారు. అక్కడ లోపం చర్మం సాగడం, కండరాలు విడిపోవడం. కింద ఉన్న కొవ్వు లాగేస్తే చర్మం ఇంకా వేలాడుతుంది. వాళ్లకి కావాల్సిన టమ్మీ టక్, అంటే సాగిన చర్మం కోసి కండరాలు దగ్గరికి కుట్టడం, వేరే ఆపరేషన్, దాని కోత పొడుగు, ఖర్చు ఎక్కువ.

"కుట్లు లేవు, మత్తు లేదు" అన్న తమరి లైను దగ్గర కొంచెం ఆగుతాం. కొవ్వు లాగే ముందు లీటరు సెలైన్‌లో 500 మిల్లీగ్రాముల నుంచి గ్రాము దాకా లిగ్నోకైన్, ఒక మిల్లీగ్రాము అడ్రినలిన్ కలిపి చర్మం కింద నింపుతారు. లిగ్నోకైన్ నొప్పి తెలియనివ్వదు, అడ్రినలిన్ రక్తనాళాలని ముడిచి రక్తం పోకుండా ఆపుతుంది. లిగ్నోకైన్‌కి చాలామంది పాటించే హద్దు కిలో బరువుకి 35 మిల్లీగ్రాములు. 70 కిలోల మనిషికి 2450 మిల్లీగ్రాములు. అంటే గ్రాము కలిపిన సీసాలైతే రెండున్నర కూడా పట్టవు. ఈ లెక్క థియేటర్‌లో ఎవరు రాస్తున్నారో ముందే అడగాలి. అసలు చిక్కు టైముది. చర్మం కింద నుంచి మందు నెమ్మదిగా రక్తంలోకి చేరి, 10 నుంచి 14 గంటలకి గరిష్ఠానికి వస్తుంది. పొద్దున పదికి ఆపరేషన్ చేస్తే అర్ధరాత్రి దాకా గండమే. అప్పటికి తమరి కస్టమర్ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఇచ్ఛాపురం బస్సెక్కి ఎక్కడో హైవే మీద ఉంటాడు. మందు మోతాదు మించితే పెదాలు, నాలుక తిమ్మిరెక్కడం, చెవుల్లో గుయ్‌మనడం, నోట్లో ఇనుము రుచి, మాట తడబడటం, ఆ తర్వాత ఫిట్స్. ఇవి పక్క సీటువాడికి నిద్రమత్తులా కనబడతాయి. అన్నేసి గంటలు కాళ్లు ముడుచుకు కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ముప్పు అదనం. ఆపరేషనైన సాయంత్రమే లేపి నడిపించేది అందుకే.

తామరకి ఇట్రాకొనజోల్ మాత్రలు మింగేవాళ్లు మన ఉక్కపోత ఊళ్లో కొల్లలు. ఆ మాత్రలూ, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లూ లివర్‌లో లిగ్నోకైన్ విరిగే దారిని మూసేస్తాయి. "చర్మం మందే కదా" అని డాక్టర్‌కి చెప్పకుండా వదిలేయకూడదు. ఆస్పిరిన్, చేపనూనె గోలీలు, విటమిన్ ఇ, గర్భనిరోధక మాత్రలు, ఏది ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. గుండెకి వేసుకునేవి సొంతంగా ఆపారో, మొదటికే మోసం. సిగరెట్ కనీసం నాలుగు వారాల ముందు మానాలి. బొడ్డు దగ్గర హెర్నియా ఉందేమో స్కాన్ చేయించాలి. కనిపెట్టకుండా గొట్టం దింపితే పేగు దొరికే చోటు అదే.

2022 మేలో బెంగళూరులో 21 ఏళ్ల కన్నడ టీవీ నటి కొవ్వు తీయించుకోవడానికి వెళ్లి తిరిగి రాలేదు. ఆ కేసు సంగతి ఎలా ఉన్నా, చర్మం కింద నింపిన నీటికి తోడు సెలైన్ లెక్కలేకుండా ఎక్కిస్తే ఊపిరితిత్తులు మునుగుతాయి. అందుకే అనస్థటిస్ట్ (మత్తు డాక్టర్) పేరు, ఐసీయూ ఎన్ని అడుగుల దూరం, సర్జన్‌కి ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ డిగ్రీ ఉందా, ఇవి ఫ్లెక్సీ మీద ఉండాల్సిన సంగతులు. తమరి మీద ఏసీ వెయిటింగ్ హాల్ ఫొటో ఉంది.

ఆ తర్వాత బిగుతు బెల్టు. మొదటి రెండు మూడు వారాలు రాత్రింబవళ్లు, మొత్తం నాలుగు నుంచి ఆరు వారాలు. విశాఖ మే నెలలో ఆ బెల్టు లోపల చెమటకాయలే కాస్తాయి. డిసెంబరు, జనవరి చూసుకోవడం మేలు. మార్చుకోవడానికి రెండు బెల్టులు కొనాలి. మొదటి రెండు రోజులు గొట్టం దింపిన కన్నాల్లోంచి గులాబీ రంగు నీరు కారి దుప్పటి తడుస్తుంది. కంగారొద్దు, కింద ప్లాస్టిక్ షీటు పరవండి. జ్వరం, వాంతులు, రోజురోజుకీ పెరిగే పొట్టనొప్పి, ఆయాసం, ఒక కాలు పిక్క మాత్రమే వాయడం, వీటికి మాత్రం వెంటనే పరుగెత్తాలి. వాపు చాలావరకు దిగడానికి మూడు నెలలు, అసలు ఆకారం తేలడానికి ఆరు. ఎగుడుదిగుళ్లుంటే అప్పటిదాకా ఆగే సరిదిద్దుతారు. జూన్‌లో చేయించుకుని ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు తిరిగొస్తాననే భక్తులకి అప్పన్నే దిక్కు.

డబ్బు విషయం క్లుప్తంగా. అందం కోసం చేసే సర్జరీకి ఆరోగ్య బీమా రాదు, పైగా 18 శాతం జీఎస్టీ. తమరు వేసిన రేటు పక్కన ఉన్న నక్షత్రం గుర్తు దాని గురించే అయ్యుంటుంది.

ఇట్లు,
తమరి బాణం గుర్తు మధ్యలో పనిచేసేవాళ్లం.

తా.క.: తమరి కింద పెద్దంకెల్లో ఉన్న ఫోన్ నంబరు పొద్దున పది నుంచి రాత్రి ఏడు దాకానట. అర్ధరాత్రి నాలుక తిమ్మిరెక్కినవాడు ఎవరికి ఫోన్ చేయాలో, ఆ రెండో నంబరు కూడా అచ్చేయించండి.