శాతానికి అందని చాకిరీ

కుప్పం వైపు నుంచి చిత్తూరులో సదరం క్యాంపుకు, అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే చోటుకు, రావాలంటే తెల్లారకముందే బస్సెక్కాలి. ఆటిజం ఉన్న ఏడేళ్ల కొడుకును చంకనేసుకుని అట్లా వచ్చిన మా బంధువొకామె మాట ఇంకా చెవిలోనే ఉంది: "ఇంట్లో రెండు నిమిషాలు కుదురుగా ఉండడన్నా, ఆ పొద్దు డాక్టరు ముందర దేవుడి మాదిరి కూర్చున్నాడు." బిడ్డ బుద్ధిగా ఉన్నందుకు తల్లి గుండె జారిపోయిన చోటు అది.

ఆ భయం ఊరికే రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వైకల్యం 40 శాతం ఉంటేనే పింఛను. 2024 జులై నుంచి ఆ మొత్తం 3 వేల నుంచి 6 వేలు అయింది. మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకు, తీవ్ర కండరాల క్షీణత ఉన్నవాళ్లకు 15 వేలు ఇస్తున్నారు. ఈ పెంపును ఎవరూ కాదనరు, నేనూ కాదనను. నా పేచీ కొలతతోనే. గేటు తెరిచి ఉంటే రోడ్డు మీదికి పరుగెత్తే బిడ్డకు పగలంతా కాపలా కావాలి. నడిరాత్రి లేచి గోడకు తల కొట్టుకుంటుంటే పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. అయితే వాడు నడవగలడు కాబట్టి 15 వేల వరుసలోకి రాడు. వాడి కోసం తల్లి మానుకున్న కూలి ఏ కాగితంలోకీ ఎక్కదు.

నిజానికి చట్టం ఇంత గుడ్డిది కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 38వ సెక్షన్, ఎక్కువ ఆసరా అవసరమైనవాళ్లు దాని కోసం విడిగా దరఖాస్తు పెట్టుకోవచ్చంటుంది. 24వ సెక్షన్‌లో సంరక్షకుల భృతి అనే మాటే ఉంది. కేరళలో ఆశ్వాసకిరణం అనే పథకం కింద నెలకు 600 రూపాయలు నేరుగా చూసుకునే మనిషికే ఇస్తారు. చిన్న మొత్తమే, కానీ ఆ చాకిరీని పనిగా గుర్తించారు. మన దగ్గర వికలాంగులు పోయి దివ్యాంగులు వచ్చారు, ఆ తర్వాత విభిన్న ప్రతిభావంతులు వచ్చారు. కొలబద్ద మాత్రం పాతదే.

2025లో వైకల్య పింఛన్ల పునఃపరిశీలన నోటీసులు వచ్చినప్పుడు ఇంకో మెలిక బయటపడింది. దొంగ సర్టిఫికెట్లు ఏరేయాల్సిందే. కానీ థెరపీకి తిప్పి తిప్పి బిడ్డ నాలుగు మాటలు నేర్చుకుంటే శాతం తగ్గుతుందేమో, పింఛను పోతుందేమో అని తల్లిదండ్రులు లోలోపల కుమిలిపోతున్నారు. ఆ నాలుగు మాటలు నిలబడాలంటే థెరపీ ఖర్చు ఆగకూడదు కదా!

పింఛను ఒక్కటే చూసి ఆగిపోకూడదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు నిరామయ అనే కేంద్ర పథకం కింద లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది.

కొలత మార్చడానికి కొత్త ఆసుపత్రి కట్టనక్కర్లేదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో టీచరమ్మ ఆ బిడ్డను నెలల తరబడి చూస్తుంది. ఒకటో తేదీన పింఛను పట్టుకుని గడప దాకా వచ్చే సచివాలయం ఉద్యోగికి ఆ ఇంటి సంగతి తెలుసు. రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, బిడ్డను ఒంటరిగా ఎంతసేపు వదలగలరు, ఎవరు పని మానుకున్నారు అని ఈ ఇద్దరి చేతా ఒక పేజీ రాయించి సదరం ఫైలులో పెట్టొచ్చు. అప్పుడు బిడ్డ ఆ పది నిమిషాలు దేవుడి మాదిరి కూర్చున్నా, మిగతా రోజంతా ఎట్లుంటాడో డాక్టరు ముందు కాగితం మీద ఉంటుంది.