చెక్ వేరు, ఇన్‌స్పెక్ట్ వేరు

ఇంగ్లిష్ నేర్పుతామంటూ వాట్సాప్‌లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. చెక్, ఇన్‌స్పెక్ట్, ఎగ్జామిన్, వెరిఫై, ఆడిట్ అన్నీ ఒకటేనట. చెక్ పిల్లల మాట కనుక అర్జీల్లో ఇన్‌స్పెక్ట్ అని రాస్తే హుందాగా ఉంటుందట. ఆడిట్ మాత్రం డబ్బు లెక్కలకేనట. మొదటి మాటకు మూడో మాటే అడ్డొస్తోందని కూడా రాసినవారికి తట్టలేదు.

‘అన్నీ ఒకటే’: కాదు. ఇన్‌స్పెక్ట్ చేసేవారు నిబంధనలు ముందు పెట్టుకుని, ఎదుట ఉన్నది వాటికి తగ్గట్టు ఉందా లేదా అని చూస్తారు. ఎగ్జామిన్ చేసేవారు లోపలి సంగతి తేలేదాకా వదలరు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చూడండి. ఫ్యాక్టరీకి వచ్చే అధికారిని అది ఇన్‌స్పెక్టర్ అంది. కానీ బరువులెత్తే యంత్రాల దగ్గరికి వచ్చేసరికి, 29వ సెక్షన్‌లో, కనీసం ఏడాదికోసారి అర్హులైనవారు వాటిని ‘థరో ఎగ్జామినేషన్’ చేయాలంది. అంటే ఏమిటో కూడా అక్కడే చెప్పింది: కంటితో చూడాలి, అది చాలకపోతే ఇతర పద్ధతులు వాడాలి, అవసరమైతే భాగాలు విప్పాలి, భద్రతపై నమ్మదగిన నిర్ధారణకు రావాలి. క్రేను కొక్కెం మీది సన్నని పగులు గ్రీజు కింద ఉంటే పైపైన చూసి వెళ్లేవారికి ఎలా దొరుకుతుంది? కోర్టులోనూ అంతే. సాక్షిని ఎగ్జామిన్ చేస్తారు, ఆపై క్రాస్ ఎగ్జామిన్ చేస్తారు. సాక్షిని ఇన్‌స్పెక్ట్ చేశానని ఏ వకీలైనా అంటే జడ్జిగారు కళ్లద్దాలు సవరించుకుంటారు. ఇక వెరిఫై అంటే ముందే చెప్పిన మాట నిజమో కాదో సరిచూడటం. పాస్‌పోర్టు కోసం పోలీసులు చేసేది అదే.

‘ఇన్‌స్పెక్ట్ అంటే హుందా’: హుందా సంగతి అటుంచితే, చిక్కు మాత్రం ఖాయం. 2005 సమాచార హక్కు చట్టంలో ఇన్‌స్పెక్షన్ అంటే కార్యాలయానికి వెళ్లి రికార్డులను, పనులను స్వయంగా చూసే హక్కు. కేంద్ర నిబంధనల ప్రకారం రికార్డులు చూడటానికి మొదటి గంట ఉచితం, ఆపై గంటకు 5 రూపాయలు. నా అర్జీ ఎక్కడుందో చెక్ చేసి చెప్పండి అనాల్సిన చోట గొప్పకు పోయి ఇన్‌స్పెక్షన్ కోరితే, ఫలానా రోజు వచ్చి ఫైలు చూసుకోండని జవాబొస్తుంది. చెక్ పిల్లల మాట అనడమూ తప్పే. పైలట్లు నమ్ముకునేది చెక్‌లిస్టునే.

‘ఆడిట్ డబ్బుకే’: 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ సోషల్ ఆడిట్‌ను, అంటే పనులను ఊరి జనమే తనిఖీ చేయడాన్ని, గ్రామసభకు అప్పగించింది. ఆ పనిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికే దారి చూపింది. అక్కడ తేల్చేది పైసల లెక్క ఒక్కటే కాదు: తవ్వామన్న కుంట తవ్వారా, మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, పేరున్న మనిషి అసలు పనికి వచ్చాడా.