పేరు అరకుది, పొడి ఎవరిది?

అనంతగిరి ఘాట్‌ రోడ్డు బడ్డీల్లో, విశాఖ స్టేషన్‌ దగ్గరి దుకాణాల్లో, హైదరాబాద్‌ సూపర్‌మార్కెట్లలో, ఆన్‌లైన్‌లో... ఎక్కడ చూసినా ‘అరకు కాఫీ’ పొట్లాలే. ముందువైపు పచ్చటి కొండ, మంచు, బుట్ట పట్టుకున్న గిరిజన మహిళ. తిప్పి చూస్తే, కళ్లజోడు పెట్టుకున్నా కనిపించని అక్షరాల్లో కాఫీ ఇంత శాతం, అందులో కలిపే చికోరీ వేరు పొడి ఇంత శాతం. ఆమాత్రం రాసినవాళ్లు నయం. లోపలున్న గింజ మెత్తటి రుచి ఉండే అరబికా రకమా, చేదెక్కువుండే రోబస్టా రకమా, ఏ మండలంలో పండింది, ఏ ఏటి పంట అన్నది చాలావాటి మీద ఉండదు. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు తయారైంది అరకు పేరు.

ఈ పేరుకు చట్టం అండ లేదా అంటే, ఉంది. 2019 మార్చిలో ‘అరకు వ్యాలీ అరబికా’కు ఒక ప్రాంతం పేరును ఆ ప్రాంతపు సరకుకే పరిమితం చేసే భౌగోళిక గుర్తింపు, అదే జీఐ, దక్కింది. విశాఖ మన్యంలో, దానికి ఆనుకున్న ఒడిశా కొండల్లో, సముద్రమట్టానికి 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తున గిరిజనులు సేంద్రియ పద్ధతిలో పండించే అరబికాకే ఆ గుర్తింపు. రోబస్టాకు కాదు, చికోరీకి అసలే కాదు. తప్పుడు భౌగోళిక గుర్తింపు అంటగట్టి అమ్మితే 1999 నాటి జీఐ చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల జరిమానా. కోరలున్న చట్టమే. మరి ఎవరిని కరవడానికి దాచిపెట్టుకున్నట్టు?

అరకు రుచి కొండగాలికి దానంతటదే పుట్టుకొచ్చేది కాదు. 1898లో గోదావరి మన్యంలోని పాములేరు లోయలో ఒక ఆంగ్లేయుడు నాటించిన మొక్కలతో ఆంధ్ర కొండల్లో కాఫీ మొదలైందంటారు. 1960ల్లో అటవీశాఖ, తరవాత పాడేరులోని గిరిజన అభివృద్ధి సంస్థ ఐటీడీఏ దాన్ని గిరిజనుల పోడు భూముల దాకా తెచ్చాయి. ఇప్పుడు సిల్వర్‌ ఓక్‌ నీడన, మిరియాల పాదుల మధ్య పెరుగుతోంది. నీడలో, చల్లదనంలో పండు నిదానంగా పండుతుంది. అరకు కప్పులోని మెత్తని పులుపు, సన్నటి తీపి అక్కడివే. అసలు శ్రమ కోత దగ్గర మొదలవుతుంది. చెట్టు మీది కాయలన్నీ ఒకేసారి పండవు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మూడు నాలుగు విడతలుగా ఎర్రబడినవే ఏరాలి. కోసిన రోజే పల్పర్‌లో తొక్క తీయాలి. జిగురు వదలడానికి 24 నుంచి 36 గంటలు పులియబెట్టాలి. గింజను వేళ్ల మధ్య రుద్దితే గరగరలాడాలి. ఆ పదును దాటితే పులిసిన వాసన పట్టి ఎంత కడిగినా పోదు. కడిగాక నేల తగలని బల్లల మీద, తిరగేస్తూ, తేమ 10 శాతానికి దిగేదాకా ఎండబెట్టాలి. మట్టి నేల మీద ఆరబోస్తే మట్టి వాసన, తడి ఆరకముందే గోనెలో కట్టేస్తే బూజు. ఇంతా చేస్తే సుమారు ఆరు కిలోల పండుకు దక్కేది కిలో పచ్చి గింజ. సంతలో దళారి ఎర్రపండుకూ పచ్చికాయకూ ఒకే ధర కట్టేచోట ఏ రైతు చెట్టు చుట్టూ నాలుగుసార్లు తిరుగుతాడు? కొమ్మ దూసి పోసేస్తాడు. ఆ వగరు కూడా చివరికి అరకు పేరు మీదే పడుతుంది.

చికోరీ లేనిదే ఫిల్టర్‌ కాఫీకి చిక్కదనం రాదని, చవక పొట్లం సామాన్యుడికి కావాలని వ్యాపారుల వాదన. కలుపుకోండి, ఎవరు వద్దన్నారు? కాఫీ 51 శాతానికి తగ్గకుండా, పాళ్లు పొట్లం మీద చెప్పి చికోరీ కలపడాన్ని ఆహార భద్రత నిబంధనలే అనుమతిస్తున్నాయి. దానికి అరకు పేరు ఎందుకన్నదే మా ప్రశ్న. అనుమానమున్నవారు గాజు గ్లాసులో చన్నీళ్లు పోసి పైన చిటికెడు పొడి చల్లి చూడవచ్చు. కాఫీ పొడి కాసేపు తేలుతుంది. చికోరీ క్షణాల్లో గోధుమరంగు చారలు వదులుతూ అడుగుకు దిగుతుంది. తనిఖీ అధికారులకు దీనికి ప్రయోగశాల కూడా అక్కర్లేదు. అయితే రోబస్టా కలిపారా, అరబికాయే అయినా మరో రాష్ట్రానిదా అన్నది వేయించి పొడి కొట్టాక కంటితో తేలదు. అందుకే ఏ గింజ ఏ రైతుదో కొనుగోలు కేంద్రం దగ్గరే లెక్క మొదలవ్వాలి.

ఈ అలసత్వం ఎక్కడికి తీసుకెళ్తుందో తెలియనిది కాదు. దేశంలో తొలి జీఐ డార్జిలింగ్‌ తేయాకుది. ఆ పేరు వాడాలంటే టీ బోర్డు అనుమతి ఉండాలి. అయినా నేపాల్‌ ఆకు డార్జిలింగ్‌గా చెలామణి అవుతోందని అక్కడి తోటలు మొత్తుకుంటూనే ఉన్నాయి. కాపలా ఉన్న పేరుకే ఆ గతి పడితే, గాలికొదిలేసిన పేరు సంగతేమిటి? ఇవాళ అరకు కాఫీని చూసీచూడనట్టు వదిలేస్తే, రేపు మన్యం మిరియాలకు, పసుపుకు గుర్తింపు అడిగే ముఖం ఎవరికుంటుంది?

పేరుతోనే పోయే నష్టమూ కాదిది. 2025లో అరకు ప్రాంతంలో బెర్రీ బోరర్‌ బయటపడింది. ఆవగింజంత పురుగు, కాయ బొడ్డు దగ్గర రంధ్రం చేసి గింజలోకి దూరుతుంది. 1990లో నీలగిరుల్లోని గూడలూరులో కనిపించింది మొదలు దక్షిణాది తోటలను పీడిస్తూనే ఉంది. సరిగా ఆరని గింజలతో, వాడిన గోనెలతో అది కొత్త చోట్లకు ప్రయాణం చేస్తుంది. బయటి సరకు తెచ్చి ఇక్కడి పేరు తగిలించే దారి తెరిచి ఉంచితే పురుగుకూ అదే దారి.

2024 జూన్‌లో ప్రధాని ‘మన్‌ కీ బాత్‌’లో అరకు కాఫీని మెచ్చుకున్నారు. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలోనే స్టాళ్లు వెలిశాయి. కప్పు పట్టుకుని ఫొటో దిగని నాయకుడు లేడు. జీఐ కోసం దరఖాస్తు చేసిన కాఫీ బోర్డు, గిరిజనుల దగ్గర కొనే సహకార సంస్థ జీసీసీ, మన్యాన్ని ఏలే ఐటీడీఏ, ఆహార భద్రత విభాగం... ఇన్ని సంస్థలున్నాయి. అరకు పేరు వాడుకునే హక్కు ఎవరెవరికుందో ఆ జాబితా ప్రతి దుకాణదారుకూ తెలిసేలా తెలుగులో ప్రకటించడానికి, లేనివారి పొట్లాలను అల్మరాల నుంచి దించడానికి వీళ్లకు ఇంకెంత కాలం కావాలి? ఈ నవంబరు కోత మొదలయ్యేలోగా అదైనా చేయలేకపోతే, కనీసం ఆ ఫొటోలు దిగడం మానండి.