నాకు నేనే సాక్షి

రోజుకు ఐదు గంటల నిద్రతోనే నా బుర్ర పాదరసంలా పనిచేస్తోందని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. పరీక్షించిందెవరంటారా? ఆ బుర్రే. పేపరు రాసినవాడికంటే బాగా దిద్దగలిగేవాడెవడు?

ఇది నా ఒక్కడి ఘనత కాదు. గచ్చిబౌలి అద్దాల మేడల్లో ఎన్నో అమెరికా గడియారం చూసుకునే మేలుకుంటాయి. అర్ధరాత్రి బిర్యానీ, తెల్లారకముందే ఇడ్లీ దొరికే ఊళ్ళో అనుమానించాల్సింది నిద్రపోయేవాణ్ణే. "రాత్రి మూడింటిదాకా కాల్‌లో ఉన్నా" అని మా ఆఫీసులో కాలరెగరేస్తాం. "ఎనిమిది గంటలు పడుకున్నా" అన్నవాణ్ణి, ఉద్యోగం ఊడిందేమో పాపం అన్నట్టు చూస్తాం.

ఇది ఓర్వలేని శాస్త్రవేత్తలున్నారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు 48 మందిని పోగేసి, కొందరికి రాత్రికి 8 గంటలు, కొందరికి 6, కొందరికి 4 గంటలే పక్క చూపించి 14 రోజులు గమనించారు. మిగిలినవాళ్ళని మూడు రోజులు అసలు కన్నే మూయనివ్వలేదు. 2003లో ఫలితం బయటపెట్టారు. ఆరు గంటలు, అంతకన్నా తక్కువ పడుకున్నవాళ్ళు రెండు వారాలు తిరిగేసరికి ఒకటి రెండు రాత్రులు జాగారం చేసినవాళ్ళలా తయారయ్యారట. మరి నిద్రొస్తోందా అని అడిగితే? మొదట్లో కాస్త వస్తోందన్నారు, ఆ తర్వాత పెద్దగా తేడా లేదన్నారు. తప్పులు రోజురోజుకీ పెరుగుతూనే ఉన్నాయి, ఫిర్యాదులే ఆగిపోయాయి. వాళ్ళు దాన్ని లోపమన్నారు. మేం దాన్ని "అలవాటైపోయింది" అంటాం.

లక్ష్మణస్వామి 14 ఏళ్ళు నిద్ర మానేసి యుద్ధం గెలవలేదా అని మా ఆవిణ్ణి నిలదీశాను. "ఆయన వాటా ఊర్మిళ పడుకుందండీ, మీ వాటా ఎవరు పడుకుంటున్నారు?" అంది. మా మేనేజరు, మీటింగుల్లో.

మొన్న ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారాల్సినవాణ్ణి మియాపూర్‌లో తేలాను. నిద్రపోయాననుకునేరు, కళ్ళు తెరిచే ఉన్నాయి! కొన్ని సెకన్లపాటు మెదడు కునుకు తీస్తుందట, తీసినట్టు మనకే తెలియదట. అమీర్‌పేట నుంచి మియాపూర్ కొన్ని సెకన్ల దూరమేనా అని అడక్కండి. చివరి స్టేషన్ కాబట్టి దిగాను, లేకపోతే ఇంకా ముందుకు వెళ్ళేవాణ్ణే.

దీనికంతటికీ మందు ఇరానీ చాయ్. పొద్దుటి నుంచీ మెదడులో పోగయ్యే అడినోసిన్ అనే పదార్థం "ఇక పడుకో" అని కబురు మోస్తుంది. కెఫీన్ వెళ్ళి అది దిగాల్సిన చోట తాను కూర్చుంటుంది. కబురు తెచ్చినవాణ్ణి గుమ్మంలోనే ఆపేశాక ఇంట్లో చెడువార్త ఎక్కడిది? రెండో కప్పుకి ఉస్మానియా బిస్కెట్ కూడా ముంచాను. ముంచిన సంగతి మరిచిపోయాను, అది వేరే విషయం.

ఇంకో అభాండం కూడా ఉంది. 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి తీరుగా ఉంటుందని 1997లో తేల్చారు. మన చట్టమేమో 0.03 దాటితేనే నేరమంటుంది. అంటే ఉదయం ఆరింటికి లేచి రాత్రి పదకొండింటికి బండి తీసే సంసారపక్షపు మనిషి, మందు వాసన చూడకుండానే హద్దు దాటేసినట్టు!

ఆ లెక్కన నేను కనీసం రెండు రౌండ్ల మీద ఉన్న రాత్రి, ఫ్లైఓవర్ దిగగానే పోలీసులు ఆపారు. గొట్టంలోకి దర్జాగా ఊదాను. సున్నా. చూశారా, నేను చెప్పలేదూ!

కానిస్టేబుల్ ఆ సున్నాని రెండుసార్లు చూసి, నోరంతా తెరిచి ఆవలించి, "వెళ్ళండి సార్, జాగ్రత్త" అన్నాడు. ఆయన ఎప్పటి నుంచి డ్యూటీలో ఉన్నాడో అడుగుదామని బండి ఆపాను. ఎందుకు ఆపానో గుర్తు రాలేదు.