సవరణ: ట్యూబ్‌లైట్ చోక్ మారిస్తే తగ్గేది ఎంత?

పాత కాపర్ చోక్ తీసి ఎలక్ట్రానిక్ చోక్ పెడితే ఒక్కో ట్యూబ్‌లైటుకు నెలకు పది యూనిట్లు మిగులుతాయని పోయిన వారం రాశాను. అది తప్పు. ఆ పది యూనిట్లు మా సత్యనారాయణపురం ఇంట్లోని నాలుగు లైట్లకూ కలిపి వేసిన లెక్క. నమ్మి కొన్నవాళ్లుంటే మన్నించండి.

సరైన లెక్క ఇది. 36 వాట్ల ట్యూబ్ కాపర్ చోక్‌తో వెలిగితే సుమారు 50 వాట్లు లాగుతుంది. ట్యూబ్ వాడేది పోగా మిగతాది చోక్‌లో వేడిగా పోతుంది. రెండు గంటలు వెలిగాక ట్యూబ్ బిగించిన పట్టీ మీద చెయ్యి పెడితే చుర్రుమంటుంది, సన్నగా గుయ్యిమనే మోత కూడా వినిపిస్తుంది. ఎలక్ట్రానిక్ చోక్‌తో మొత్తం 36 వాట్ల దగ్గర ఆగుతుంది. అంటే 14 వాట్ల తేడా. రోజుకు ఆరు గంటల చొప్పున నెలకు రెండున్నర యూనిట్లు. అన్నట్టు, ఈ చోక్‌కు స్టార్టర్ అక్కర్లేదు, తీసేయాలి.

ఇంకో మాట కూడా సరిచేయాలి. ఫాల్స్ సీలింగ్‌లోని 12 వోల్టుల హాలోజెన్ బల్బుల స్థానంలో, పాత ట్రాన్స్‌ఫార్మర్ అలాగే ఉంచి ఎల్‌ఈడీలు పెట్టుకోవచ్చన్నాను. అన్నిచోట్లా కుదరదు. చాలా ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్లకు కనీస లోడు ఉండాలి, అంటే వాటికి తగిలించిన బల్బులు కనీసం ఇన్ని వాట్లయినా లాగాలి. 50 వాట్ల బల్బు తీసి 5 వాట్లది పెడితే లైటు మినుకుమినుకుమంటుంది, ఒక్కోసారి అసలు వెలగదు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ బదులు ఆ ఎల్‌ఈడీకి సరిపోయే డ్రైవర్ (ఎల్‌ఈడీకి తగ్గ కరెంటు ఇచ్చే పరికరం) కొనండి. మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్ చేతనే మార్పించండి.