ఎండిపోయినా అది చెరువే, కావాలంటే తవ్వి చూడండి

నిన్న పొద్దున్నే ఫోన్ తెరిస్తే ఒకాయన పెట్టిన ఫోటో. పగుళ్లిచ్చిన నేల, మధ్యలో బైకు స్టాండు వేసి ఉంది, పైన 'దీన్ని చెరువు అంటారంట, చుక్క నీళ్లు చూపించండి' అని రాశాడు. వందల్లో లైకులు. ఇలాంటిది ఏటా ఎండాకాలంలో ఒకటైనా వస్తుంది, ఏటా చూసి ఊరుకుంటాను. ఈసారి ఊరుకోబుద్ధి కాలేదు, ఎందుకంటే 22 ఏళ్లుగా నేను చేసే ఉద్యోగమే అది. చిత్తడి నేలల మట్టి మీద పరిశోధన. చుట్టాల భాషలో చెప్పాలంటే బురద. మా పెద్దత్తయ్య ఏ పెళ్లిలో కనపడినా "ఏమే, ఇంకా ఆ బురదలోనే ఉన్నావా, పైకి రాలేదా?" అని అడుగుతుంది, అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను.

అయ్యా బైకు బాబూ, చెరువుని నీళ్లు చూసి గుర్తుపట్టడం అంటే మనిషిని చొక్కా చూసి గుర్తుపట్టడం లాంటిది. నీళ్లు వస్తాయి, పోతాయి. మట్టి మాత్రం అక్కడే ఉంటుంది, జరిగిందంతా దాచుకుని మరీ ఉంటుంది.

ఎలాగంటే, నేల మీద నీళ్లు నిలబడితే లోపలికి గాలి ఆడదు. ఉన్న కాస్త ఆక్సిజన్‌ని సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లో తాగేస్తాయి. ఆ తర్వాత వాటికి బతుకుతెరువు కావాలిగా, నైట్రేట్ మీద పడతాయి, అదయ్యాక మాంగనీస్, తర్వాత ఇనుము, తర్వాత సల్ఫేట్ (కుళ్లిన గుడ్డు వాసన వచ్చేది ఇక్కడే), అన్నీ అయిపోయాక ఆఖరున మీథేన్ తయారవుతుంది. ఇందులో నా ఉద్యోగం అంతా ఇనుము మీదే నడిచింది. గాలి తగిలే మట్టిలో ఇనుము ఎర్రగా, గోధుమరంగులో ఉంటుంది. గాలి ఆడకపోతే కరిగి నీళ్లతో కదిలిపోతుంది, మట్టి బూడిదరంగుకి, ఒక్కోచోట నీలానికి తిరుగుతుంది. మళ్లీ ఎండినప్పుడు పగుళ్ల వెంబడి, పాత వేళ్లు ఉన్న దారుల వెంబడి తుప్పు మరకలు కడుతుంది. ఆ మరకలు ఒక ఎండాకాలానికి పోయేవి కావు. నిజం చెప్పాలంటే, నీళ్లు రావడం ఆగిపోయిన చాలా ఏళ్లకి కూడా పోవు. అందుకే మరక ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు, డైపిరిడిల్ అనే మందు చుక్క వేసి చూస్తాం, కరిగిన ఇనుము ఇప్పుడు కూడా ఉంటే ఎర్రగా మారుతుంది.

మొదటిసారి కొల్లేరులో ఆగర్ (నేలలోకి తిప్పి మట్టిని పైకి లాగే బరమా) దింపింది కూడా మే నెలలోనే. ఆ ఫోటోలో ఉన్నట్టే పైనంతా పెళుసు, చెప్పు కింద పటపటమంటోంది. రెండడుగుల కింది నుంచి ముద్ద బయటికి లాగి అరచేతిలో పెట్టుకుంటే చల్లగా ఉంది, రంగు అచ్చం కొత్త పలక. మట్టి రంగుని పోల్చి చూసుకునే మన్సెల్ రంగుల పుస్తకం తీసి పేజీలు తిప్పుతూ ఉన్నాను, ఈలోపు ముద్ద అంచులు గోధుమరంగుకి తిరగడం మొదలైంది. గాలి తగిలింది కదా. నా చేతిలోనే, నేను చూస్తుండగానే. ఆ రోజు ఎండకి వాంతులయ్యాయి కూడా, కానీ ఈ పని వదలకూడదని అనుకున్నది ఆ రోజే.

వరి రైతుకి ఇదంతా కొత్తేం కాదు. దమ్ము చేసిన మడి కూడా ఇలాంటి నేలే. నీట మునిగిన మట్టిలో జరిగే రసాయన శాస్త్రాన్ని ఒక దారిలో పెట్టినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు శ్రీలంకకు చెందిన పొన్నంపెరుమ, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పనిచేశాడు, 1972లో ఆయన రాసిన సమీక్షా వ్యాసం లేకుండా మా రంగంలో ఎవరి థీసిస్సూ మొదలవదు. తర్వాత అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో కె. రమేష్ రెడ్డి, అక్కడి ఎవర్‌గ్లేడ్స్ అనే పెద్ద చిత్తడి నేల మట్టిలో భాస్వరం ఎలా తిరుగుతుందో తేల్చడానికి దశాబ్దాలు పెట్టినవాడు. ఆ ఇంటిపేరు చూసి మా ల్యాబ్‌లో అందరం ఊరికే మురిసిపోయేవాళ్లం.

అదే ఎవర్‌గ్లేడ్స్ పక్కన బెల్ గ్లేడ్ అనే ఊళ్లో 1924లో ఒక కాంక్రీటు స్తంభం పాతారు. పొడవు 9 అడుగులు, కింద రాతిదాకా దింపి, పైభాగం నేలకి సమానంగా ఉంచారు. ఇప్పుడది 6 అడుగులకు పైగా బయటికి వచ్చి నిలబడి ఉంది. స్తంభం పెరగలేదు సార్, నేల దిగింది. వ్యవసాయం కోసం నీళ్లు తోడేస్తే వేల ఏళ్లుగా పోగుపడిన పీటు మట్టి (సగం కుళ్లిన మొక్కలతో ఏర్పడ్డ నల్లమట్టి) గాలి తగిలి కార్బన్ డయాక్సైడ్ అయి ఎగిరిపోయింది.

మన దగ్గరకొద్దాం. కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, +5 అడుగుల కాంటూరు (సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత) దాకా, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి, అంటే ప్రపంచస్థాయిలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. అప్పటి నుంచీ +5 ఉండాలా, +3కి తగ్గించాలా అని ఒకటే గొడవ. ఇన్నేళ్ల గొడవలో మట్టి ఏమంటోంది అని అడిగినవాణ్ణి నేను చూడలేదు. అమెరికాలో చిత్తడి నేల హద్దు వేయాలంటే 1987 నుంచి మూడు చూస్తారు, నీరు, మొక్కలు, మట్టి. ఇక్కడ మనకి కాంటూరు ఒకటి, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి మట్టం) ఒకటి, రెండూ నీటిమట్టం గీతలే. ఇంకా చిత్రం, 2017 చిత్తడి నేలల నిబంధనల్లో సాగునీటి కోసం, తాగునీటి కోసం మనుషులు కట్టిన జలాశయాలు లెక్కలోకే రావు, వరి పొలాలూ రావు. అంటే తెలంగాణలో కాకతీయుల కాలపు చెరువులు ఆ నిర్వచనం ప్రకారం చిత్తడి నేలలు కావన్నమాట. మరోపక్క దేశ బంజరు భూముల అట్లాస్ తీస్తే నీరు నిలిచే చిత్తడి భూమి అందులో ఒక రకం బంజరు. కాపాడాల్సిన జాబితాలో ఉండదు, పనికిరాని జాబితాలో ఉంటుంది.

లంక గ్రామాల్లో చేపల చెరువులు తవ్వుకున్నవాళ్లని తిట్టడానికి రాయట్లేదు, అది వాళ్ల తిండి. కానీ గుర్రపుడెక్క ఎందుకు అంతలా కమ్ముకుంటోంది అని అడిగేవాళ్లకి సగం జవాబు అడుగు మట్టిలో ఉంది. పైనుంచి వచ్చిన భాస్వరాన్ని ఇనుము పట్టుకుని ఉంచుతుంది, అడుగున ఆక్సిజన్ అయిపోగానే ఇనుము కరిగి ఆ భాస్వరాన్ని వదిలేస్తుంది. కొత్తగా ఒక్క చుక్క మురుగు రాకపోయినా పాత బాకీ కింద నుంచి తేలుతూనే ఉంటుంది. ఇది కొలుస్తాను, మూడేళ్లు డబ్బివ్వండి అని అడిగితే ఒక కమిటీలో పెద్దాయన "మంచిదేనమ్మా, దీనివల్ల దిగుబడి ఎంత పెరుగుతుంది?" అన్నాడు. దిగుబడి పెరగదండీ అన్నాను. ఆ ప్రాజెక్టు అక్కడితో సరి.

తర్వాత నా జీతంలోంచే పెట్రోలు పోసుకుని వెళ్లాను. పడవ నడిపే ఆయన పొద్దున్నించి నా చుక్కల మందు, నా గుంతలు అన్నీ చూసి, చివరికి ఆగలేక "దీనికి అంత చదువు కావాలాండీ?" అన్నాడు. దోనె దిగి, గట్టు వైపు నుంచి వట్టి కాళ్లతో నడుస్తూ ఒకచోట ఆగి, మడమ తిప్పి "ఇదిగోండీ, ఇక్కడి దాకా చేను, ఇక్కణ్ణించి కొల్లేరు" అన్నాడు. నేను సాయంత్రం దాకా కూర్చుని తేల్చిన గీతకి అది నాలుగడుగులు అటూ ఇటూ.

కాబట్టి బైకు బాబూ, బండి పక్కకు తీసి అక్కడే రెండడుగులు తవ్వి, నీళ్లది వద్దు, మట్టి ఫోటో పెట్టండి. గోధుమరంగు తప్ప ఇంకేం కనపడకపోతే ఈ పోస్టు తీసేస్తాను. తవ్వడం రాదంటే చెప్పండి, ఆగర్ నేనే తెస్తాను. చెప్పులు మాత్రం మంచివి వేసుకుని రాకండి.